కూర్చునే హక్కు, లేచే హక్కు

మన కథల్లో పడక్కుర్చీకి ఒక స్థానం ఉంది. వసారాలోనో, వీధరుగు పక్కనో వేసి ఉంటుంది. టేకు చట్రం, చారల కాన్వాసు గుడ్డ, కాళ్ళు బారజాపుకోవడానికి వీలుగా పొడుగాటి చేతులు. అందులో ఒక తాతగారో, నాన్నగారో, మామగారో వాలి ఉంటారు. చేతిలో పేపరుంటుంది. లోపల్నించి ఎవరో కాఫీ తెచ్చి ఇస్తారు. ఆ తెచ్చిన మనిషికి కథలో ఒక్కోసారి పేరుంటుంది, ఒక్కోసారి ఉండదు. ఆమె తిరిగి వెళ్ళి ఎక్కడ కూర్చుంటుందో చాలా కథలు చెప్పవు. వంటింటి గడప మీదో, పీట మీదో, గోడకి చేరగిలబడి గచ్చు మీదో కూర్చుని ఉంటుందని మనమే ఊహించుకోవాలి.

స్త్రీకి వాలడానికి చోటెక్కడ అన్న ప్రశ్నని మన రచయిత్రులు ఎప్పుడో వేశారు. అబ్బూరి ఛాయాదేవిగారి ‘సుఖాంతం’ కంటినిండా నిద్ర కోసం మొహంవాచిన స్త్రీ కథ. ఆ కథని నేను క్లాసులో పాఠంగా చెప్పాను, సెమినార్లలో ప్రస్తావించాను. విశ్రాంతి లేకపోవడం గురించి మాట్లాడటానికి మనకి భాష ఉంది. విశ్రాంతి పేరుతో మనిషిని ఒకచోట కూలేసి ఉంచడం గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు మాత్రం నేను మాటల కోసం వెతుక్కోవలసి వచ్చింది. ఆ వెతుకులాట మా పెద్దమ్మ కుర్చీతో మొదలైంది.

పెద్దమ్మకి జీవితంలో మొట్టమొదటి పడక్కుర్చీ డెబ్భయ్యారేళ్ళ వయసులో వచ్చింది. ముప్పై ఒక్క సంవత్సరాలు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు చెప్పిన మనిషి. క్లాసులో కుర్చీ ఉన్నా కూర్చుని పాఠం చెప్పేది కాదు. ఇంట్లో కూర్చోవడానికి తీరిక ఉండేది కాదు. 2022లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. కొడుకు అమెరికాలో. చెల్లెలు, అంటే మా అమ్మ, మోకాళ్ళ నొప్పులతో తనే లేవలేని స్థితిలో ఉంది. నాది ఏడాదికోసారి రెన్యూ చేసే ఉద్యోగం. ఆరు నెలలు మా ఇంట్లో ఉంచుకున్నాక, హైదరాబాదు శివార్లలో దీర్ఘకాలం చూసుకునే ఒక వృద్ధుల కేంద్రంలో చేర్చాం. అక్కడే ఆ కుర్చీ ఇచ్చారు.

దాన్ని ఇంగ్లీషులో జెరియాట్రిక్ చెయిర్ అంటారు. వాడుకలో జెరి చెయిర్. మందపాటి కుషన్ మీద రెక్సిన్ తొడుగు, కింద నాలుగు చిన్న చక్రాలు, వాటికి బ్రేకులు, వెనక్కి వాలే వీపు, పైకి లేచే కాళ్ళ పలక, ఒళ్ళో అడ్డంగా పెట్టడానికి ఒక ట్రే. నడుం నిలబెట్టి మామూలు కుర్చీలో కూర్చోలేనివాళ్ళని రోజంతా మంచం మీద ఉంచకుండా, నలుగురి మధ్యకి తీసుకురావడానికి అది నిజంగా మంచి సాధనం. మంచం మీద కప్పు తప్ప ఏమీ కనిపించదు. కుర్చీలోకి వస్తే కిటికీ కనిపిస్తుంది, మనుషుల మొహాలు కనిపిస్తాయి. వర్జీనియా ఉల్ఫ్ 1926లో జబ్బు గురించి రాసిన వ్యాసంలో, పడుకున్న మనిషికీ నిలబడి తిరిగే మనిషికీ లోకం ఒకేలా కనిపించదని గమనించింది. ఆ రెండు చూపులకీ మధ్య ఉన్నది ఈ కుర్చీ. పెద్దమ్మని మొదటిసారి అందులో కూర్చోబెట్టి వరండాలోకి తెచ్చినప్పుడు, వేపచెట్టు కేసి చాలాసేపు చూసింది. కాబట్టి నేను ఈ కుర్చీకి వ్యతిరేకంగా రాయడం లేదు.

కుర్చీతో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. అంతా ఇంగ్లీషులో. దాన్ని వాడవలసిన వాళ్ళు శ్రీకాకుళం నుంచీ మహబూబ్‌నగర్ నుంచీ వచ్చిన అటెండెంట్లు. వాళ్ళలో ఎక్కువమంది ఏడో తరగతో, పదో తరగతో చదివినవాళ్ళు, అదీ తెలుగు మీడియంలో. పుస్తకం ఆఫీసు బీరువాలో ఉండిపోయింది. కుర్చీ వార్డులోకి వచ్చింది. జ్ఞానం ఒకచోట, శ్రమ ఇంకోచోట ఉండటం మనకి కొత్త విషయం కాదు. కానీ ఇక్కడ ఆ రెండింటి మధ్య దూరాన్ని భరించేది ఒక ముసలి ఒంటి చర్మం.

చర్మం గురించి నాకు పాఠం చెప్పింది రాత్రి డ్యూటీ అటెండెంటు. యాభై దాటిన మనిషి. నేను “అక్కా” అంటాను. ఆమె నన్ను “పాపా” అంటుంది, పెద్దమ్మని “టీచరమ్మ” అంటుంది. ఒకరోజు పెద్దమ్మని పక్కకి తిప్పి, ముడ్డిపూస మీద అరచెయ్యి ఆనించి, “ఇక్కడ వేడిగా ఉంది పాపా, చెయ్యి పెట్టి చూడు” అంది. నాకు ఏమీ కనిపించలేదు. నర్సింగ్ పుస్తకాల్లో ఒత్తిడి పుండుకి మొదటి గుర్తు ఎర్రదనం అని రాసి ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే ఆ ఎరుపు తెల్లబడకపోతే ప్రమాదమని అర్థం. తెల్లచర్మాన్ని ముందు పెట్టుకుని రాసిన వాక్యం అది. మా పెద్దమ్మది చామనఛాయ కంటే నలుపు. ఆ చర్మం మీద ఎరుపు తేలదు. చుట్టూ ఉన్న చోటు కంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా లేక మెత్తబడిందా, రంగు ఇంకాస్త ముదిరిందా, తాకితే నొప్పి పడుతోందా అని చూడాలి. ఈ సంగతి ఇప్పుడు వైద్యపుస్తకాల్లోకి ఎక్కింది. అక్కకి ఎవరూ చెప్పలేదు. ఆమె చేతికి తెలుసు.

ఎందుకలా అయింది అని అడిగితే, “కుర్చీలో ఒరుసుకుపోతోంది” అంది. తర్వాత నేను చదివిన వ్యాసాలన్నీ ఆ ఒక్కమాటకి వ్యాఖ్యానం లాగే అనిపించాయి. కుర్చీ వీపుని వెనక్కి వాల్చినప్పుడు మనిషి మెల్లగా ముందుకి జారుతుంది. చర్మం రెక్సిన్‌కి అతుక్కుని అక్కడే ఉండిపోతుంది, లోపలి ఎముక మాత్రం కదులుతుంది. ఆ రెండింటి మధ్యనున్న సన్నని రక్తనాళాలు సాగి, నలిగి, రక్తం అందక లోపలి కండ చచ్చిపోతుంది. దీన్ని ఇంగ్లీషులో షియర్ అంటారు. బరువు వల్ల పడే ఒత్తిడి ఒకటైతే, ఈ ఒరుపు రెండోది. పైన చర్మం చిట్లేసరికి లోపల చాలా నష్టం జరిగిపోయి ఉండొచ్చు. 2016లో అమెరికాలో ఈ రంగంలోని నిపుణుల సంఘం ‘ప్రెజర్ అల్సర్’ అనే పేరు తీసేసి ‘ప్రెజర్ ఇంజురీ’ అని పెట్టింది. పుండు అంటే అదంతటదే లేచినట్టుంటుంది. గాయం అంటే ఏదో ఒకటి దాన్ని చేసిందని తెలుస్తుంది. పేరు మారిస్తే బాధ్యత ఎటు తిరుగుతుందో సాహిత్య విద్యార్థులకి వేరే చెప్పక్కర్లేదు.

అక్క సాయంతో, ఫిజియోథెరపిస్టు దగ్గర అనుమానాలు తీర్చుకుంటూ, ఆ బీరువాలో పుస్తకాన్ని నేను తెలుగులో రాయడం మొదలుపెట్టాను. నా థీసిస్ కంటే కష్టమైన రాత అది. ప్రతి వాక్యం ఒక చేతిపని. దాన్ని చదివే మనిషి రెండు చేతులా ఇంకో మనిషిని పట్టుకుని ఉంటుంది. కాబట్టి పొడుగు వాక్యాలు పనికిరావు.

ముందు కాళ్ళ పలక పైకెత్తాలి, తర్వాతే వీపు వాల్చాలి. లేపేటప్పుడు ముందు వీపు, తర్వాత కాళ్ళు. కాళ్ళు వేలాడుతుండగా వీపు వాల్చితే జారడం ఖాయం. లేపాక ఆమెని రెండు చేతులా పట్టుకుని కాస్త ముందుకి వంచి, వీపుని రెక్సిన్ నుంచి విడదీయాలి, చీరో నైటీయో మడతలు పడకుండా సర్దాలి. వీపు ఒక్కటే వాలే కుర్చీ వేరు, కూర్చున్న భంగిమ చెడకుండా మొత్తం సీటే వెనక్కి ఒరిగే కుర్చీ వేరు. రెండో రకంలో ఒరుపు తక్కువ. కొనేటప్పుడే అడగవలసిన మాట ఇది. అలాగే కుర్చీ ఎంత బరువు మొయ్యగలదో దాని మీద రాసి ఉంటుంది, చూసుకోవాలి.

మంచం మీంచి కుర్చీలోకి మార్చే ముందు నాలుగు చక్రాలకీ బ్రేకు వేసి, కుర్చీని ఒకసారి చేత్తో తోసి చూడాలి. కాళ్ళ పలక మీద నిలబడనివ్వకూడదు, దాని చివర కూర్చోనివ్వకూడదు. బరువంతా ఒక పక్కకి వెళ్ళి కుర్చీ తిరగబడుతుంది. పడిపోయిన చేతిని పట్టుకుని ఎప్పుడూ లాగకూడదు, భుజం కీలు జారిపోతుంది. ఆ చేతి కింద దిండు పెట్టాలి, లేకపోతే అది చక్రం పక్కన వేలాడుతూ ఉంటుంది, ఆమెకి తెలియదు కూడా. కుర్చీ కదిలించే ముందు వేళ్ళు ఎక్కడున్నాయి, చీర కొంగు ఎక్కడుంది, యూరిన్ బ్యాగు గొట్టం ఎక్కడుంది అని మూడు చూపులు చూడాలి. బ్యాగు ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి. గడప దాటించేటప్పుడు వెనక్కి లాగాలి, ముందుకి తొయ్యకూడదు.

తినిపించేటప్పుడు కుర్చీ నిటారుగా ఉండాలి. వాలి ఉన్న మనిషికి ముద్ద పెడితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, నిమోనియా రావచ్చు. పక్షవాతం వచ్చినవాళ్ళకి ఇది ఇంకా ప్రమాదం, ఒక్కోసారి దగ్గు కూడా రాదు. తిన్నాక కనీసం అరగంట అలాగే కూర్చోబెట్టాలి. చాలాసేపు వాలి ఉన్న మనిషిని ఒక్కసారిగా లేపితే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి, ఆగి ఆగి లేపాలి. తనంతట తాను కదలలేని మనిషిని గంటకోసారైనా కదిలించాలి, బరువు పక్కకి మార్చాలి. గుండ్రటి రబ్బరు ట్యూబు వేస్తే హాయిగా ఉంటుందని ఇళ్ళలో అనుకుంటారు. దాని అంచు చుట్టూ రక్తం ఆగిపోతుంది, వాడకూడదు. బెల్లు బాగున్న చేతి వైపు ఉండాలి.

ఇదంతా రాశాక కాగితం మీద ఇంకో వాక్యం మిగిలింది. దాన్ని తెలుగులో పెట్టడానికి మాత్రమే కాదు, పెట్టాలా వద్దా అని తేలడానికే మూడు నెలలు పట్టింది. అది ట్రే గురించి.

ట్రే అన్నం కంచం పెట్టుకోవడానికి. పేపరు చదువుకోవడానికి. పడిపోయిన చెయ్యి ఆనించుకోవడానికి. ఆ కేంద్రంలో మధ్యాహ్నం భోజనాలయ్యాక దాన్ని తియ్యకుండా పక్కనున్న గొళ్ళెం బిగించి వదిలేసేవారు. కుర్చీ సగం వాల్చి, ట్రే బిగిస్తే పెద్దమ్మ లేవలేదు. ఒంటిగంటన్నర నించి దాదాపు అయిదింటి దాకా. ఆ షిఫ్టులో పదకొండుమందికి ఇద్దరు అటెండెంట్లు. ఒకరు బట్టలు ఉతికే దగ్గర ఉంటారు. “మేము కట్టెయ్యలేదు మేడం, ట్రే పెట్టాం అంతే” అన్నారు అక్కడి బాధ్యురాలు. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆవిడ తరవాతి మాట, “పడితే ఎవరిదండీ బాధ్యత?”

కట్టెయ్యడం అంటే ఏమిటి? తాడు ఉండాలా? అమెరికాలో 1987లో నర్సింగ్ హోముల సంస్కరణ చట్టం చేశారు. క్రమశిక్షణ కోసమో, సిబ్బంది సౌకర్యం కోసమో మనిషిని బంధించకూడదని అది చెప్పింది. దాని కింద వచ్చిన నిబంధనల్లో శారీరక నిర్బంధానికి ఇచ్చిన నిర్వచనం నన్ను చాలా ఆలోచింపజేసింది. ఒంటికి తగిలించినదైనా, ఒంటి పక్కన పెట్టినదైనా, ఆ మనిషి తనంతట తాను తేలిగ్గా తీసుకోలేనిదై, ఆమె కదలికని అడ్డుకుంటే అది నిర్బంధం. వస్తువు పేరుతో సంబంధం లేదు. పెట్టినవాళ్ళ మంచి ఉద్దేశంతో సంబంధం లేదు. అసలు కదలలేని మనిషికి ఈ కుర్చీ నిర్బంధం కాదు. పక్క గదిలో గొళ్ళెం తనే తీసుకోగల ముసలాయనకి ట్రే నిర్బంధం కాదు. ఒక కాలు మీద లేవాలని చూస్తూ, ఎడమచేత్తో గొళ్ళెం అందుకోలేని మా పెద్దమ్మకి అదే ట్రే నిర్బంధం. వస్తువుకి అర్థం దానిలో లేదు, అందులో కూర్చున్న శరీరంతో దానికున్న సంబంధంలో ఉంది. పాఠాల గురించి మేం క్లాసుల్లో చెప్పేది ఇదే కదా.

మన దేశంలో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకొక వృద్ధాశ్రమం ఉండాలంటుంది, పిల్లల నుంచి భరణం ఇప్పిస్తుంది. కుర్చీ ట్రే గురించి అది మాట్లాడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 97వ సెక్షను మాత్రం చాలా స్పష్టంగా మాట్లాడుతుంది. శిక్షగా మనిషిని బంధించకూడదు, సిబ్బంది తక్కువ ఉన్నారన్న కారణంతో బంధించకూడదు. అది మానసిక ఆరోగ్య సంస్థలకి వర్తించే చట్టం. కానీ ఆ వాక్యంలో ఉన్న న్యాయం అన్ని గోడల లోపలికీ రావలసిందే అనిపిస్తుంది నాకు.

ఇక్కడ నాకు షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ గుర్తొచ్చింది. 1892లో అచ్చయిన ‘ది ఎల్లో వాల్‌పేపర్’ స్త్రీవాద విమర్శ చదివినవాళ్ళందరికీ తెలిసిన కథ. వైర్ మిచెల్ అనే డాక్టరు ఆ కాలంలో స్త్రీలకి ‘విశ్రాంతి చికిత్స’ రాసేవాడు. పడుకోవాలి, చదవకూడదు, రాయకూడదు. ఆ చికిత్సలోంచి బయటపడిన గిల్మన్ ఆ కథ రాసింది. ఆ గదిలో మంచాన్ని నేలకి మేకులు కొట్టి బిగించి ఉంటారు. మేం దాన్ని ప్రతీక అనేవాళ్ళం. వార్డులో నిలబడి చూస్తే అది ప్రతీక కాదు, సామాను. ఆమె మంచికే అని చెప్పి ఆమెని కదలకుండా చెయ్యడానికి ఏ కాలానికి తగిన సామాను ఆ కాలంలో ఉంటుంది.

కానీ గిల్మన్ కథలో ఆ స్త్రీ రాయగలదు. దొంగతనంగానైనా రాస్తుంది. మన విమర్శంతా ఆమె గొంతు మీద నిలబడి ఉంది. పెద్దమ్మ గొంతు ఎక్కడ?

పక్షవాతం పెద్దమ్మకి మిగిల్చిన మాటలు చాలా కొద్ది. “అమ్మ”, “రా”, “వద్దు”. చిత్రమేమిటంటే, శతక పద్యం ఎవరైనా మొదలుపెడితే చివరిదాకా చెప్పేస్తుంది. మంచినీళ్ళు కావాలని మాత్రం అడగలేదు. ఏళ్ళ తరబడి కంఠస్థమైనవి మెదడులో వేరే దారిన వస్తాయట, అప్పటికప్పుడు కూర్చుకోవలసిన మాటే రాదట. ముప్పై ఏళ్ళు పిల్లలకి వాక్యనిర్మాణం నేర్పిన మనిషికి ఇప్పుడు ఇతరుల వాక్యాలు మాత్రమే మిగిలాయి. సొంతమాట అని చెప్పదగింది ఒక్క “వద్దు”.

ఆ “వద్దు” అన్నిటికీ వచ్చేది. స్నానానికి వద్దు, ఇడ్లీకి వద్దు, నన్ను చూసి కూడా వద్దు. అందుకని అందరూ దాన్ని జబ్బు లక్షణంగా లెక్కేశారు. “ఆవిడ అన్నిటికీ అలాగే అంటారండీ” అనేవారు. స్త్రీ ‘వద్దు’ అంటే వద్దనే అర్థమని ఇన్నేళ్ళు వాదించిన మనం, ఈ ‘వద్దు’ని ఏం చెయ్యాలి? ఇది మాటా, రోగమా? నేను కొన్ని మధ్యాహ్నాలు అక్కడే కూర్చుని రాసుకున్నాను. స్నానానికి “వద్దు” అంటున్నప్పుడు ఎడమచెయ్యి నా భుజం మీద ఆనిస్తుంది. ఇడ్లీకి “వద్దు” అంటూ నోరు తెరుస్తుంది. ట్రే బిగించినప్పుడు “వద్దు” అంటూ ఎడమచేత్తో దాన్ని తోస్తుంది, మోకాలితో కింద నుంచి ఎత్తుతుంది. ఒకే మాట, మూడు అర్థాలు. శరీరాన్ని కలిపి చదివితే ఏది ఏదో తెలుస్తుంది. కాస్త ఓపికగా చదవడం తప్ప దీనికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా ఆ మధ్యాహ్నాల్లోనే తేలింది. ఆమె ఊరికే లేవడం లేదు. రెండున్నర ప్రాంతాల లేవాలని చూస్తుంది. యూరిన్ గొట్టం తీసేసిన తర్వాత మొదలైన అలవాటు అది. బాత్రూముకి వెళ్ళాలి. అడగడానికి మాట లేదు, కాబట్టి లేస్తోంది. లేవడమే ఆమె వాక్యం. మనం ఆ వాక్యానికి గొళ్ళెం పెట్టాం. “ఆమెని లేవకుండా ఎలా ఆపాలి” అన్నది అక్కడ అందరూ వేసుకుంటున్న ప్రశ్న. “ఆమె ఎందుకు లేస్తోంది” అన్నది వేసుకోవలసిన ప్రశ్న.

అన్నయ్యతో ఫోనులో చాలాసార్లు మాట్లాడాను. “పడి తుంటి విరిగితే, ఈ వయసులో ఇంక లేవదమ్మా. ట్రే ఉండనీ” అన్నాడు. అతని భయం అబద్ధం కాదు. దూరాన ఉన్నవాళ్ళకి భద్రత తప్ప వేరే ప్రేమ చూపించే దారి ఉండదు. అమ్మ మాత్రం, “అక్క చిన్నప్పుడు కూడా ఎవరు కూర్చోమంటే కూర్చునేది కాదు” అంది. నేను అన్నయ్యకి చెప్పింది ఇది. కదలకుండా ఉంచితే ఉన్న ఒక్క కాలు బలం కూడా పోతుంది, ఆ తర్వాత ఇంకా తేలిగ్గా పడుతుంది. బిగించిన పట్టీల కింద నుంచి జారి, ఊపిరాడక చనిపోయినవాళ్ళ సంగతులు అమెరికాలోనే నమోదయ్యాయి. బంధం కూడా ఒక ప్రమాదమే. అందులో పడే మనిషి చప్పుడు మనకి వినిపించదు, అంతే తేడా.

చివరికి తేలింది ఇది. రెండింటికి బాత్రూముకి తీసుకెళ్ళాలి, అడిగినా అడగకపోయినా. ట్రే భోజనం అవగానే తీసెయ్యాలి. కుర్చీని అటెండెంట్లు తిరిగే దారిలో, వేపచెట్టు కనిపించేలా పెట్టాలి. కునుకు తీసే గంట తప్ప వాల్చకూడదు. రోజుకి రెండుసార్లు ఇద్దరు పట్టుకుని నిలబెట్టాలి. కాగితం మీద చివరి వాక్యం, “ట్రే అన్నానికి మాత్రమే. మనిషిని ఆపడానికి కాదు.”

ఆ తర్వాత నాలుగో నెలలో పెద్దమ్మ ఒకసారి కుర్చీలోంచి కిందికి జారింది. ఎముకలకేమీ కాలేదు, మోచెయ్యి కొట్టుకుపోయింది. ఆ రోజు మధ్యాహ్నం అటెండెంటు ఒక్కతే ఉంది. అన్నయ్య నాతో రెండు వారాలు మాట్లాడలేదు. ట్రే మళ్ళీ పెడదామా అని బాధ్యురాలు అడిగారు. వద్దన్నాను. నిద్రపట్టని రాత్రులు లేవని చెప్పను. కానీ పెద్దమ్మ ముడ్డిపూస మీద చర్మం చిట్లకుండానే మామూలుగా అయింది. గట్టిగా పట్టుకుంటే ఇప్పుడు ఇరవై అంకెలు లెక్కపెట్టేంతసేపు నిలబడుతుంది. ఆ అంకెలు ఆమే లెక్కపెడుతుంది, పద్యంలాగా.

ఈ కథలో నన్ను ఇంకా వదలని మనిషి మధ్యాహ్నం ఒక్కతే ఉండిపోయిన ఆ అటెండెంటు. ఇరవై రెండేళ్ళ పిల్ల. పన్నెండు గంటల డ్యూటీ. పెద్దమ్మ జారినందుకు అందరూ ఆమెని అడిగారు. ఇద్దరుండవలసిన చోట ఒక్కరే ఎందుకున్నారని ఎవరూ ఎవరినీ అడగలేదు. నేను అడిగాను. జవాబు రాలేదు. ట్రేని తీసెయ్యడమంటే ఒక మనిషిని పెట్టడం. ఆ మనిషి జీతం ఎవరో ఒకరు ఇవ్వాలి. అది లెక్కవెయ్యకుండా గౌరవం, స్వేచ్ఛ అని మాట్లాడితే, పెద్దమ్మ స్వేచ్ఛ బరువు ఆ పిల్ల నడుం మీద పడుతుంది. ఒక ఆడమనిషిని విడిపించడానికి ఇంకో ఆడమనిషిని నిలబెట్టినట్టవుతుంది.

నిలబెట్టడం అన్నది ఇక్కడ అలంకారం కాదు. ఆ వార్డులో పదకొండు కుర్చీలున్నాయి, అటెండెంట్లకి ఒక్క కుర్చీ లేదు. వీపు లేని ఒక ప్లాస్టిక్ స్టూలుంది, దాని మీద మందుల ట్రే ఉంటుంది. కేరళలో కోజికోడ్ బట్టల షాపుల్లో పనిచేసే స్త్రీలు కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడితే, 2018లో అక్కడ షాపుల చట్టాన్ని సవరించారు. 2021లో తమిళనాడు కూడా అలాంటి సవరణ చేసింది. పని మధ్యలో కూర్చోవడం హక్కు అని చట్టంలో రాయించుకోవలసి రావడం మనకి సిగ్గుగా ఉండాలి, రాయించుకున్నందుకు వాళ్ళని చూసి గర్వంగానూ ఉండాలి. కూర్చునే హక్కూ, లేచే హక్కూ వేరువేరు కాదని నాకు ఆ వార్డులో అర్థమైంది. ఎప్పుడు కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో తన ఒంటికి తానే చెప్పుకోగలగడం ఒక్కటే హక్కు. ఒకరికి జీవితమంతా కూర్చునే భాగం దక్కదు, చివర్లో లేచే భాగం పోతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై దాటినవాళ్ళు పది కోట్ల పైనే, వారిలో స్త్రీలే ఎక్కువ. ఈ పత్రిక చదివేవాళ్ళం మనలో చాలామందిమి ఒంటరిగా ఉంటున్నాం, లేదా పిల్లలు దూరంగా ఉంటున్నారు. ఛాయాదేవిగారు ‘తన మార్గం’లో పెద్దవయసు స్త్రీ తన బతుకు తాను నిర్ణయించుకోవడాన్ని రాశారు, తన చివరి ఏళ్ళు కొండాపూర్‌లోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో గడిపారు. నిర్ణయాలు చెప్పడానికి మాట ఉన్నంతకాలం ఏం చెయ్యాలో ఆ తరం మనకి చూపించింది. మాట పోయాక ఏం చెయ్యాలన్నది మన తరం రాసుకోవలసిన అధ్యాయం. ఎవరు మన ‘వద్దు’ని చదువుతారు, ఏ భాషలో ఉన్న సూచనల కాగితం మన కుర్చీకి వేలాడుతుంది, ఆ కాగితం చదివే మనిషికి ఎంత జీతం ఇస్తారు?

నేను రాసిన కాగితం ఇప్పుడు రెండో కూర్పులో ఉంది. మొదటిదాన్ని అక్కలు దిద్దారు. “ఒరిపిడి” అని నేను రాసినచోట “ఒరుసుకుపోవడం” అని మార్పించారు. అంకెలు పెద్దవి చేయించారు. మా జాబితాలో లేని ఒక వాక్యం ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల చేర్పించింది, “కుర్చీ వాల్చే ముందు ఆమెకి చెప్పండి.” అది ఇప్పుడు అన్నిటికంటే పైన, ఒకటో నంబరుగా ఉంది. మధ్యాహ్నం షిఫ్టుకి మూడో మనిషిని పెట్టాలని మేం ఆరు కుటుంబాలవాళ్ళం సంతకాలు పెట్టి ఇచ్చిన ఉత్తరానికి మాత్రం ఇంకా జవాబు రాలేదు. అటెండెంట్లకి రెండు వీపున్న కుర్చీలు కావాలని కూడా అందులోనే రాశాం.